కొత్త దస్తావేజులో లేని పేరా

“నాన్నా, ఇంక ఆపండి. వీధి చివరిదాకా వినపడుతోంది” అని కొడుకు మూడోసారి విసుక్కున్నాడు.

మైకుగారు ఆపలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని బండ్ల రాకపోకలు చెప్పిన మనిషికి గొంతు తగ్గించడం ఎలా వస్తుంది? ఇంట్లో మంచినీళ్ళు అడిగినా అవతలి ప్లాట్‌ఫారం వాళ్ళకి కూడా తెలిసేలా అడుగుతారు. రిటైరై నాలుగేళ్ళయినా వీధిలో అందరికీ ఆయన మైకుగారే.

“దక్షిణం కామా ఆసుపత్రి ప్రహరీ గోడ ఫుల్‌స్టాపు. పడమర కామా...”

“ఊ” అంటోంది కోడలు, బల్లకి అవతలి వైపు కూర్చుని, ఎర్ర పెన్సిలు కొనతో తన ముందున్న కాగితం మీద ఒక్కో అక్షరమూ తాకుతూ.

ఆయన చేతిలో ఉన్నది ముప్పై నాలుగేళ్ళ కిందటి దాన దస్తావేజు నకలు. ఆ అమ్మాయి ముందున్నది ఏడేళ్ళ కిందటి అమ్మకం దస్తావేజు. రెండూ ఒకే ఇంటివి. ఆ ఇల్లు సోమవారం పొద్దున్న పది గంటలకి వీళ్ళ పేరు మీదికి రిజిస్టరు కావాలి. ఇవాళ శనివారం, అప్పుడే మధ్యాహ్నం మూడు దాటింది.

“ప్లీడరుగారు చూసి అంతా సవ్యంగా ఉందని రాసిచ్చాక మళ్ళీ ఈ గోలేమిటి?” అన్నాడు కొడుకు.

“ప్లీడరుగారు చూశారు. మేం చదువుతున్నాం” అంది కోడలు తలెత్తకుండానే.

ఆ అమ్మాయి అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. అక్కడ ముఖ్యమైన పుస్తకాలకి ఇద్దరు కూర్చుంటారట. ఒకరు రచయిత రాసింది కామాలతో సహా పైకి చదువుతారు, రెండోవాళ్ళు అచ్చులో పోల్చుకుంటారు. ఒక్కరే చదివితే కన్ను అక్కడ ఉన్నది కాకుండా ఉండాలనుకున్నది చదివేస్తుందట. మూడు రోజులుగా ఆ ఇంటి కాగితాలన్నీ ఇలాగే చదివిస్తూ ఇంటిని అచ్చాఫీసు చేసేసింది. మామగారికి మాత్రం పోయిన ఉద్యోగం తిరిగొచ్చినంత సంబరంగా ఉంది.

కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చున్న టైలరమ్మ ఒక చెవి అటు పడేసి కాలర్లు కుడుతోంది. మైకుగారి భార్య ఆవిడ. నిజానికి ఈ ఇల్లు కొని తీరాలని అందరికన్నా ముందు పట్టుబట్టింది ఆవిడే. పెళ్ళయిన దగ్గర్నుంచి పదకొండు అద్దె ఇళ్ళు మారారు. ఏ ఇంట్లోనూ ఆ మిషనుకి సరైన చోటు దొరకలేదు. ఒకచోట బాత్రూము తలుపుకి అడ్డం, ఒకచోట మెట్ల కింద, ఇక్కడేమో పడమటెండ మొహం మీద కొట్టే కిటికీ దగ్గర.

ఆ కొత్తింటి పెరట్లో ఉత్తరం కిటికీ ఉన్న గది ఒకటుంది. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఒకే తీరు వెలుగు. అడుగు పెట్టగానే టైలరమ్మ మనసు పారేసుకుంది. నల్లబట్ట మీద నల్లదారంతో కుట్టినా కంటికి శ్రమ ఉండదు. ఆ గది చూసిన రోజునుంచీ ఆవిడ నిద్రలో కూడా అక్కడే కుడుతోంది.

అందుకే కోడలి మీద లోలోపల కారంగా ఉంది. ఏడేళ్ళ కిందటి దస్తావేజులో “మా తండ్రిగారి దాన దస్తావేజు ద్వారా నాకు సంక్రమించిన” అనే మాట ఈ పిల్ల కంట పడింది. ఆ దాన దస్తావేజు చూపించమంది. అమ్మేవాడు చెదలు తినేశాయన్నాడు. తిన్నాయంటే తిన్నాయి, ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. రెండు రోజులు సెలవు పెట్టి, రిజిస్ట్రారు ఆఫీసు కిటికీ ముందు నిలబడి, నకలు తీయించుకుని వచ్చింది.

“...సదరు ఇంటి పెరటిలో ఉత్తరపు కిటికీ గల గదిని కామా” మైకుగారు మంచి ఊపులో ఉన్నారు, “నా ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళు నర్సుగా పనిచేసి కామా...”

“ఆగండి మామయ్యా” అంది కోడలు. “అది నా దగ్గర లేదు.”

“లేకపోవడమేమిటి? ఇక్కడ ఉంది.”

“అక్కడుంది. ఇక్కడ లేదు. హద్దులు అయిపోగానే సంతకాలొచ్చేశాయి. మీరు మళ్ళీ పై నుంచి చదవండి.”

మైకుగారు గొంతు సవరించుకుని చదివారు. ఆ ఇల్లు కట్టిన డాక్టరు తన కొడుక్కి దానమిస్తూ రాసిన మాటలవి.

“సదరు ఇంటి పెరటిలో ఉత్తరపు కిటికీ గల గదిని, నా ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళు నర్సుగా పనిచేసి, నా భార్య మంచం పట్టిన మూడేళ్ళూ ఆమెను కన్నకూతురివలె చూసిన నర్సమ్మ తన జీవితాంతము అనుభవించు హక్కు కలిగియుండవలెను. ఈమెను ఆ గది నుండి ఖాళీ చేయించు అధికారము నీకు గాని, నీ తరువాత ఈ ఆస్తి పొందువారికి గాని ఎన్నటికినీ ఉండదు.”

ఒకసారి చదివారు. అలవాటు చొప్పున రెండోసారి చదివారు. స్టేషన్లో ఏ ప్రకటనైనా మూడుసార్లు చెప్పేవాళ్ళు కాబట్టి మూడోసారి కూడా మొదలుపెట్టబోయి, భార్య మొహం చూసి ఆగిపోయారు.

మిషను చక్రం ఆగిపోయింది. టైలరమ్మ చెయ్యి కాలరు మీదే ఉండిపోయింది.

ఆ గదిలో ఇప్పుడున్నది ఆ నర్సమ్మే. డెబ్బై ఆరేళ్ళ మనిషి. “పాపమని ఉండనిస్తున్నాం, నెలాఖరుకి ఖాళీ చేసేస్తుంది” అని, ఏడేళ్ళ కిందట డాక్టరు కొడుకు దగ్గర కొని ఇప్పుడు ఇల్లమ్ముతున్న కాంట్రాక్టరు మొదటిరోజే చెప్పాడు. నర్సమ్మ కూడా అదే మాట చెప్పింది. డాక్టరుగారి దయ వల్ల, తర్వాత ఆయన కొడుకు దయ వల్ల, ఆ తర్వాత కాంట్రాక్టరు దయ వల్ల ఇన్నాళ్ళు ఉన్నానంది. ఊరికే ఉంటున్నానన్న మొహమాటంతో ఇంటి చుట్టూ ఉన్న వాకిలంతా రోజూ ఆవిడే ఊడుస్తుంది.

“ఆవిడకి తెలీదు” అంది కోడలు మెల్లగా. “తనకి హక్కుందని ఆవిడకే తెలీదు అత్తయ్యా.”

కొడుకు లేచి నిలబడ్డాడు.

“తెలీదు కదా! మనకీ తెలీదు. ఆ నకలు నువ్వు తేకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఏం పోయేది నీకు?”

“సోమవారం తర్వాత తెలిస్తే?”

“ఎలా తెలుస్తుంది? చెదలు తిన్న కాగితాన్ని ఎవరు వెతుక్కుంటూ వెళ్తారు, నువ్వు తప్ప!”

“రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకంలో ఉన్నదాన్ని చెదలు తినలేదుగా.”

“ఈ ఇంటివాళ్ళకి ఖాళీ చేస్తామని చెప్పేశాం. కొత్తగా దిగేవాళ్ళు నిన్నొచ్చి కిటికీ తెరల కొలతలు కూడా తీసుకెళ్ళారు, మా అమ్మ దగ్గరే కుట్టిస్తారట! నెలాఖరుకి మనం ఎక్కడుంటాం? నీ అచ్చాఫీసులోనా?”

కోడలు మళ్ళీ కాగితాల మీదికి వంగింది. టైలరమ్మని అది ఇంకా మండించింది.

“తప్పులు వెతికి వెతికి నీకదో జబ్బయిపోయిందే అమ్మాయ్” అంది ఆవిడ. “మంచి బట్టలో కూడా నీకు చిరుగే కనపడుతుంది. ముప్పై ఏళ్ళకి ఒక గది దొరికింది నాకు. ఒక్క గది. అది కూడా కామాలూ ఫుల్‌స్టాపులూ పెట్టి తీసేశావు.”

అనేశాక నాలుక కరుచుకుంది. కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా ఆ పిల్ల లేచి వెళ్ళిపోలేదు, తలుపు విసిరి కొట్టలేదు. ఎర్ర పెన్సిలుతో రెండు కాగితాల మీదా సరిగ్గా ఆ పేరా దగ్గర చిన్న గుర్తు పెట్టింది. ఫోను తీసి ప్లీడరుగారికి చేసి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది.

ప్లీడరుగారు విన్నారు. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

“ఏ సంవత్సరం అన్నావమ్మా?”

కోడలు చెప్పింది.

“అదీ సంగతి. మా వాళ్ళు రికార్డు ముప్పై ఏళ్ళకే వెతికించారు. అది రివాజు. ఇది ముప్పై నాలుగు. నాలుగేళ్ళ తేడాలో జారిపోయింది” అని ఆయన నీళ్ళు నమిలారు. “నాదే పొరపాటు. ఒప్పుకుంటున్నాను.”

“ఏడేళ్ళ కిందటి దస్తావేజులో ఆ పేరా ఎత్తేశారు కదండీ, ఇంకా హక్కెలా ఉంటుంది?” అన్నాడు కొడుకు.

“ఎత్తేస్తే పోదు బాబూ. తండ్రి ఆ గదిలో ఆవిడ హక్కు ఉంచి మిగతాది ఇచ్చాడు. కొడుక్కి ఎంత వచ్చిందో అంతే అమ్మగలడు. తనకి రానిది కాంట్రాక్టరుకి ఎలా ఇస్తాడు? కాంట్రాక్టరు మీకెలా ఇస్తాడు? పైగా రిజిస్టరైన కాగితం. మీకు తెలీదంటే ఏ కోర్టూ వినదు. రిజిస్టరయిందంటే తెలిసినట్టే లెక్క.”

“మరి ఇప్పుడు దారేమిటండీ?” అని టైలరమ్మ అడిగింది. గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది.

“ఒకటి, ఆ నర్సమ్మ తనంత తాను హక్కు వదులుకుంటున్నానని విడుదల పత్రం రాసి రిజిస్టరు చేయించాలి. రెండు, ఆవిడ హక్కుకి లోబడి మీరు కొనుక్కోవచ్చు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ గది ఆవిడదే. మూడు, ఇలాంటిది దాచినందుకు ఒప్పందం రద్దు చేసుకుని బయానా వెనక్కి అడగొచ్చు. ఏదైనా మీ ఇష్టం.” ఆయన కాస్త ఆగారు. “ఇంతకీ ఇది పట్టుకుందెవరు?”

“మా కోడలు” అన్నారు మైకుగారు, వీధి వీధంతా వినపడేలా.

“అమ్మాయిని మా ఆఫీసుకి పంపిస్తారా? మా గుమస్తాలకి చదవడం నేర్పుతుంది.”

ఎవరూ నవ్వలేదు గాని టైలరమ్మకి లోపల ఎక్కడో గర్వంలాంటిది కదిలింది. ఇప్పుడా గర్వం, ఈ సమయంలోనా అని తనని తానే తిట్టుకుంది.

కొడుకు అప్పటికే బయటికెళ్ళి కాంట్రాక్టరుకి ఫోను చేశాడు. అరగంట తిరక్కుండా తెల్లకారు వచ్చి గుమ్మం ముందు ఆగింది.

కాంట్రాక్టరు నవ్వు మొహం మనిషి. ఆ నవ్వు ఇంట్లోకి ముందు వస్తుంది, ఆయన తర్వాత వస్తాడు. కుర్చీలో కూర్చుని, ఇచ్చిన టీ తాగి, సంచీలోంచి ఒక కాగితం తీశాడు.

“ఇంత చిన్నదానికి అంత కంగారు దేనికి పిన్నిగారూ? ఇదిగో విడుదల పత్రం. ముసలావిడ ఒక్క సంతకం పెట్టి, సోమవారం మనతో రిజిస్ట్రారు ఆఫీసుకి వచ్చి తలూపితే అయిపోయింది.”

టైలరమ్మ కాగితం అందుకుంది. స్టాంపు కాగితం మీద పొందిగ్గా టైపు చేసి ఉంది. నర్సమ్మ పేరు, తండ్రి పేరు, వయసు, గది కొలతలు, కిటికీ ఏ దిక్కున ఉందో కూడా.

“బాబూ, మావాడు మీకు ఫోను చేసి ఎంతసేపయింది?”

“అరగంట అయ్యుంటుంది.”

“అరగంటలో నేను చొక్కాకి కాజాలు కూడా తియ్యలేను” అంది టైలరమ్మ. “ఇంత కాగితం ఎలా తయారైంది?”

కాంట్రాక్టరు నవ్వు కొంచెం పక్కకి జరిగింది. కొడుకు తల్లివైపు చూసి, కాగితం వైపు చూసి, నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డాడు. ఈ మనిషికి ముందునుంచీ తెలుసన్న సంగతి గదిలో అందరికీ ఒకేసారి ఎక్కింది.

“తెలిస్తే ఏం లెండి. ఆవిడ ఎలాగూ వెళ్ళిపోతోంది కదా” అన్నాడు కాంట్రాక్టరు తేలిగ్గా. “అన్న కూతురి ఇంటికట. మూటలు కూడా కట్టుకుంది. హక్కులూ అవీ అని మీరేం చెప్పక్కర్లేదు. ఖాళీ చేసినట్టు రసీదు అనండి చాలు. నేనడిగితే అనుమానపడుతుంది. మీరంటే ఆవిడకి గురి. మీరు అడగండి పిన్నిగారూ.”

నిజమే, గురే. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన మూడుసార్లూ నర్సమ్మ ఆవిడ చెయ్యి వదల్లేదు. మిషను ఏ మూల పెడితే వెలుగు ఎడమ భుజం మీదుగా పడుతుందో ఆవిడే నిలబడి చూపించింది.

టైలరమ్మ కాగితం మడిచి చేత్తో పట్టుకుంది.

“పదండి” అంది.

“అత్తయ్యా...” అని కోడలు లేచింది.

“నువ్వూ రా. ఏవండీ, మీరూ రండి. ఆ పాత కాగితం కూడా తెండి.”

కొడుకు కుర్చీలోంచి లేవలేదు. పాత కాగితం దేనికని ఎవరూ అడగలేదు. అడిగితే ఆవిడ కూడా చెప్పలేకపోయేది. నాలుగు వీధులు నడిచినంతసేపూ ఆవిడ మనసు ఒక్క తీరున లేదు. వెళ్ళిపోయే మనిషే కదా, కట్టిన మూటలే కదా, నేనేమన్నా మెడ పట్టుకు గెంటుతున్నానా అని ఒక అడుగు. మరి నిజం చెప్పడానికి భయమెందుకే అని ఇంకో అడుగు. ఆ ఇంటి గేటు కనపడేసరికి మొదటిదే గెలిచేట్టుంది. ఆశ అలాంటిది. ఆవిడని తప్పు పట్టడానికి లేదు.

కాంట్రాక్టరు కారులో ముందే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి మీరే వెళ్ళండన్నట్టు చెయ్యి ఊపాడు.

వాకిలి అద్దంలా ఉంది. ఒక్క ఆకు లేదు. వెనక గది తలుపు తీసే ఉంది.

గదిలో ఒక పరుపు చుట్ట, రెండు మూటలు, ఒక ట్రంకుపెట్టె. నర్సమ్మ స్టూలెక్కి కిటికీ అద్దాలు తడిగుడ్డతో తుడుస్తోంది. ఆ వయసులో స్టూలు మీద అంత నిటారుగా నిలబడిన మనిషిని చూసి కోడలు పరుగున వెళ్ళి స్టూలు పట్టుకుంది.

“ఏం పడనులే తల్లీ” అంది నర్సమ్మ దిగుతూ. “పై అద్దం మీద సున్నం మరకలున్నాయి. మీ అత్తగారికి నీడ పడుతుందని.”

టైలరమ్మ చేతిలోని కాగితాన్ని ఇంకో మడత పెట్టింది.

“ఎవరింటికి వెళ్తున్నారు అక్కయ్యా?” అని అడిగింది, ముందు వేరే మాట ఏదన్నా అనాలి కాబట్టి.

“మా అన్నయ్య కూతురింటికి. మంచి పిల్ల. ఇల్లు చిన్నది. హాల్లో పడుకోమంది. పిల్లలు పొద్దుపోయేదాకా టీవీ చూస్తారు, వాళ్ళ చూడ్డం అయ్యాక పరుపు వేసుకోవచ్చు.” ఫిర్యాదులా చెప్పలేదు. బండి ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. “నీ చేతిలో ఆ కాగితమేమిటి, ఖాళీ చేస్తున్నట్టు సంతకం కావాలా?”

టైలరమ్మ మడత విప్పి ఇచ్చింది. నర్సమ్మ ట్రంకుపెట్టె మీంచి పెన్ను తీసుకుంది. కాగితాన్ని దూరంగా పట్టుకుని ఒక్క క్షణం చూసి, మళ్ళీ ఇచ్చేసింది.

“కళ్ళజోడు మూటలో కట్టేశాను. చదవడమెందుకులే, నువ్వు తెచ్చావు కదా. ఎక్కడ పెట్టాలో వేలుతో చూపించు.”

చూపించడానికి ఒక్క వేలు చాలు. నలభై ఏళ్ళుగా బట్టమీద గీత ఎక్కడుందో తడబడకుండా చూపించిన వేలు. అది లేవలేదు.

టైలరమ్మ కోడలివైపు చూసింది. చెప్పెయ్యండని ఆ పిల్ల కళ్ళతో కూడా అనలేదు. అత్తగారు ఏం చేసినా నోరెత్తకుండా నిలబడాలని నిశ్చయించుకున్నదానిలా స్టూలు పట్టుకుని నిలబడింది. మాట పడి కూడా ఇంత మర్యాద నిలుపుకున్న పిల్లని ఇన్నాళ్ళూ తప్పులు వెతికేదని అనుకున్నానే అని టైలరమ్మకి సిగ్గేసింది. ఇది తప్పులు వెతకడం కాదు, తప్పిపోయిన మనిషిని వెతకడం. పాత సంతకాల కింద, ఏడేళ్ళ కింద పడిపోయిన మనిషిని వెతికి తీసుకొచ్చింది.

“ఏవండీ” అంది గుమ్మంలో నిలబడ్డ భర్తతో. “ఆ పేరా చదవండి.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. ఆవిడకి వినపడేలా.”

వినపడేలా చదవమని మైకుగారికి జీవితంలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కానీ ఈసారి ఆయన గొంతు పెంచలేదు. కామాలు చదవలేదు. డాక్టరే వచ్చి ఆ గదిలో నిలబడి మాట్లాడుతున్నట్టు, ఒక్కో మాటా నింపాదిగా చదివారు. కన్నకూతురివలె అన్నచోట ఆగారు. కాగితం కిటికీ వైపు తిప్పుకుని, మళ్ళీ ఆ మాట దగ్గర్నుంచే ఎత్తుకున్నారు.

నర్సమ్మ పరుపు చుట్ట మీద కూర్చుండిపోయింది.

“ఇది ఎవరు రాశారు?”

“డాక్టరుగారు. ముప్పై నాలుగేళ్ళ కిందట. రిజిస్టరు కూడా చేయించారు” అంది కోడలు ఆవిడ పక్కనే నేలమీద కూర్చుని. “ఈ గది మీదండీ. మీరున్నన్నాళ్ళూ మిమ్మల్ని కదపడానికి ఎవరికీ హక్కు లేదు. ఇల్లు ఎవరు కొన్నా, ఎన్నిసార్లు కొన్నా.”

“నాకెప్పుడూ చెప్పలేదే ఆయన!”

“చెబితే మీరు వద్దనేవారేమో.”

“అనేదాన్నే” అంది నర్సమ్మ. కాసేపు ఆవిడ కళ్ళు గది నాలుగు గోడల మీదా తిరిగాయి. “అయితే ఇన్నేళ్ళూ ఒకరి వాకిలి అనుకుని ఊడ్చానన్నమాట. నడుం నొప్పెడితే కూడా మానలేదు, ఉండనిస్తున్నారు కదా అని.”

ఏడుస్తుందేమోనని టైలరమ్మ దగ్గరికి జరిగింది. ఆవిడ ఏడవలేదు. ఎన్నో మంచాల పక్కన నిలబడ్డ మనిషి, అంత తొందరగా కరగదు. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది.

“మరి ఈ కాగితం ఏమిటి?”

“ఆ హక్కు మీరు వదులుకుంటున్నట్టు” అంది టైలరమ్మ. దాచలేదు. “మీ చేత సంతకం పెట్టించమని నన్ను పంపించారు. నేనూ అందుకే వచ్చాను అక్కయ్యా. దార్లో కూడా అదే అనుకుంటూ వచ్చాను.”

నర్సమ్మ ఆవిడ మొహంలోకి చూసింది.

“పెట్టాలా వద్దా, నువ్వే చెప్పు.”

“పెడితే మాకు మంచిది. పెట్టకపోతే మీకు మంచిది. నన్నడిగారు కాబట్టి మీ వైపునుంచి చెబుతున్నాను. పెట్టకండి.”

గుమ్మం దగ్గర అలికిడయింది. కాంట్రాక్టరు ఎప్పుడొచ్చాడో, అంతా విన్నాడు. నవ్వు ఎక్కడో వదిలేసి వచ్చాడు.

“బాగుంది పిన్నిగారూ. మీ ఇల్లు మీరే చెడగొట్టుకున్నారు. బయానా ఎల్లుండి వచ్చి పట్టుకెళ్ళండి. ఈ ఇంటికోసం ఇంకో ఇద్దరు తిరుగుతున్నారు. వాళ్ళింట్లో ఇలా కామాలు చదివేవాళ్ళు లేరులెండి.”

వెనక్కి తిరిగాడు. మైకుగారు ఏదో అనబోయారు, టైలరమ్మ వద్దని చెయ్యి పట్టుకుంది. నెలాఖరుకి ఇంక పదకొండు రోజులు. పన్నెండో అద్దె ఇల్లు ఎక్కడ దొరుకుతుందో, అందులో కిటికీ ఉంటుందో లేదో.

“ఆగు నాయనా” అంది నర్సమ్మ.

గట్టిగా అనలేదు. కానీ వార్డులో ఒకప్పుడు ఆ గొంతు వింటే రోగుల తాలూకు జనమంతా బయటికి నడిచేవాళ్ళేమో, కాంట్రాక్టరు గేటు దాకా వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఆగాడు.

“ఎవర్ని తీసుకొచ్చినా తీసుకురా. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఈ గది కూడా చూస్తారు. నేను ఇక్కడే ఉంటాను. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఈయన్ని పిలిపించి ఈ కాగితం చదివిస్తాను. మూడుసార్లు చదివిస్తాను.”

“తప్పకుండా వస్తానమ్మా” అన్నారు మైకుగారు, ఈసారి పూర్తి గొంతుతో.

నర్సమ్మ పెన్నుకి మూత పెట్టి పక్కన పడేసింది. టైలరమ్మవైపు తిరిగింది. ఇప్పటిదాకా ఆవిడ మాటల్లో ఉన్న మొహమాటం ఇప్పుడు లేదు. ఇంటావిడ మాట్లాడినట్టు మాట్లాడింది.

“ఇందాక మీ కోడలు చెప్పింది కదా, ఇల్లు ఎవరు కొన్నా నేనుంటానని. ఎవరో వచ్చి నన్ను భరించే బదులు ఒక మాట అడుగుతాను. మొహమాటపడకు. ఈ గది నీకు రాదు. నాకు డెబ్బై ఆరు. రేపు మంచాన పడతాను, నీళ్ళు నువ్వే అందివ్వాల్సి రావచ్చు. దగ్గుతాను, నిద్ర చెడగొడతాను. ఎన్నాళ్ళుంటానో నాకూ తెలీదు.” ఆవిడ ఊపిరి తీసుకుంది. “నాతో కలిపి ఈ ఇల్లు కొంటావా?”

గేటు గడియ మీద చెయ్యి వేసి కాంట్రాక్టరు ఇటే చూస్తున్నాడు. కోడలు తలెత్తింది. మైకుగారు కాగితం మడిచి భార్య వైపు తిరిగారు.

టైలరమ్మ ఆ ఉత్తరపు కిటికీ వైపు ఒక్కసారి చూసింది. ఇంతమంది మధ్యలో, ఇంత వయసొచ్చాక, ఏం కావాలని ఎవరూ తనని ఇంత సూటిగా అడగలేదు. ఆవిడ వంగి మూట ముడి విప్పి, కళ్ళజోడు తీసి నర్సమ్మ చేతిలో పెట్టి, “కొత్త దస్తావేజులో ఆ పేరా ఉందో లేదో మీరే చదువుకోవాలి అక్కయ్యా” అంది.